మెగ్ వైట్‌కు డ్రమ్స్ రావనే వాళ్లకు

ది వైట్ స్ట్రైప్స్ అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వచ్చిన ఇద్దరి రాక్ బ్యాండ్: జాక్ వైట్ గిటార్ వాయిస్తూ పాడేవాడు, మెగ్ వైట్ డ్రమ్స్ వాయించేది. పాటకు అడుగున మంద్రంగా మోగే బేస్ గిటార్ వాళ్లకు లేదు. రాక్ సంగీతం గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈ మాట తరచూ తిరుగుతూనే ఉంటుంది: "ది వైట్ స్ట్రైప్స్ అంటే జాక్ వైట్ ఒక్కడే. మెగ్‌కు డ్రమ్స్ రావు. అక్కాతమ్ముళ్లమని అబద్ధం చెప్పి, ఎరుపూ తెలుపూ బట్టలేసుకుని, బ్రిటిష్ పత్రికలు నెత్తిన పెట్టుకుంటే రాత్రికి రాత్రి స్టార్లయిపోయారు. బేస్ గిటార్ లేదనేదీ బూటకమే, వాళ్ల పెద్ద హిట్‌లో బేస్ వినిపిస్తూనే ఉంది కదా!" 2023లో ఒక అమెరికన్ జర్నలిస్టు, కాస్త మంచి డ్రమ్మర్ ఉండుంటే ఈ బ్యాండ్ ఎక్కడికో వెళ్లేదన్నట్టు ట్వీట్ చేసి గొడవ రేపాడు. ది రూట్స్ అనే హిప్‌హాప్ బ్యాండ్ డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్‌తో సహా చాలామంది మెగ్ పక్షాన నిలబడ్డారు. చివరికి ఆ జర్నలిస్టు క్షమాపణ చెప్పాడు. మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అబద్ధం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది నిజమే. జాక్ అసలు పేరు జాన్ గిల్లిస్. డెట్రాయిట్‌లో పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఇంట్లో అంతమంది తోబుట్టువులుండగా ఇంకో అక్కను ఎందుకు కల్పించుకున్నాడో! 1996లో మెగ్‌ను పెళ్లి చేసుకుని ఆమె ఇంటిపేరు తను పెట్టుకున్నాడు. 2000 మార్చిలో విడిపోయారు. 2001కల్లా డెట్రాయిట్ పత్రికలు పెళ్లి కాగితాలు, విడాకుల కాగితాలు బయటపెట్టేశాయి. అక్కాతమ్ముళ్ల కథ మీదే లేచిన బ్యాండైతే అక్కడితో పని అయిపోవాలి. వాళ్ల పెద్ద ఆల్బమ్ 'ఎలిఫెంట్' వచ్చింది 2003లో, గుట్టు రట్టయిన తర్వాత.

ఇక రాత్రికి రాత్రి అనే ముచ్చట. వాళ్లు చెప్పే లెక్క ప్రకారం మెగ్ మొదటిసారి డ్రమ్స్ ముందు కూర్చున్నది 1997 జులైలో. నెల తిరిగేసరికి డెట్రాయిట్ క్యాస్ కారిడార్‌లో గోల్డ్ డాలర్ అనే చిన్న బార్‌లో మొదటి షో. అప్పటికి జాక్ బతుకుతెరువు పాత సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ వేయడం. మరుసటి ఏడాది ఊళ్లోనే ఉన్న ఇటలీ రికార్డ్స్ అనే బుల్లి రికార్డు కంపెనీ నుంచి మొదటి సింగిల్, అంటే విడిగా విడుదలైన పాట. 1999లో మొదటి ఆల్బమ్, 2000లో రెండోది. ఆ రెండోదాన్ని జాక్ ఇంట్లోనే, ఎనిమిది ట్రాకుల టేప్ మీద రికార్డు చేసుకున్నారు. పేవ్‌మెంట్, స్లీటర్-కినీ లాంటి బ్యాండ్ల ముందు వాయిస్తూ ఊళ్లు తిరిగారు. 2001 వేసవిలో లండన్ పత్రికలు, బీబీసీ రేడియోలో పాటలు వినిపించే జాన్ పీల్ నెత్తికెత్తుకున్న మాట వాస్తవమే. అయితే వాళ్లు ఎత్తుకున్నది మూడు ఆల్బమ్‌లు చేసేసిన బ్యాండ్‌ని. నాలుగేళ్లను ఒక రాత్రిగా లెక్కేస్తే ఎలా?

పైగా ఇద్దరే వాయించడం, బేస్ లేకపోవడం కొత్తగా పట్టుకొచ్చిన మార్కెటింగ్ చిట్కా కాదు. డెట్రాయిట్‌లోనే ఎనభైల్లో ది గోరీస్ ఉండేవాళ్లు: రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే. నార్త్ కరోలినా నుంచి ఫ్లాట్ డ్యుయో జెట్స్ గిటార్, డ్రమ్స్‌తోనే ఏళ్ల తరబడి మోత మోగించారు. తను వాళ్లను వినే నేర్చుకున్నానని జాక్ దాచుకోలేదు.

వాళ్ల పెద్ద హిట్ 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో బేస్ ఉందనేవాళ్లది చెవుల తప్పు కాదు. ఎవరికైనా అలాగే వినిపిస్తుంది. జాక్ వాయించింది కే కంపెనీవాళ్ల పాత హాలో-బాడీ (లోపల బోలుగా ఉండే) గిటార్. దాని శబ్దాన్ని వ్యామీ అనే పెడల్ (కాలితో నొక్కి స్వరం మార్చే పెట్టె) గుండా పంపి ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కిందికి దించాడు. ఆ రిఫ్, అంటే పదే పదే తిరిగొచ్చే గిటార్ వరస, తట్టింది 2002 మొదట్లో, మెల్‌బోర్న్‌లో కార్నర్ హోటల్ వేదిక మీద షోకు ముందు సౌండ్‌చెక్ చేస్తుండగా. రికార్డు చేసింది లండన్‌లో టో ర్యాగ్ అనే స్టూడియోలో. అక్కడి సరంజామా అంతా పాతకాలందే, కంప్యూటర్ ఊసే లేదు.

అసలు గొడవ మెగ్ గురించి. ఆమె టెక్నిక్ ఉన్న డ్రమ్మర్ కాదు. ఆమె కూడా అలా చెప్పుకోలేదు. కానీ టెక్నిక్ ఉంటే ఆ పాటలు బాగుపడేవా అన్నదే ప్రశ్న. అదే 'సెవెన్ నేషన్ ఆర్మీ' మళ్లీ వినండి. రిఫ్ మొదలయ్యాక కాలితో కొట్టే కిక్ డ్రమ్, నేల మీద నిలబెట్టే ఫ్లోర్ టామ్ వస్తాయి. దబ్, దబ్, దబ్, దబ్... బీట్‌కో దెబ్బ, ఒక్క దెబ్బా ఎక్కువ లేదు. జాక్ పాడుతున్నప్పుడు చాలావరకు ఇంతే పొదుపు, సింబల్ (లోహపు పళ్లెం) జోలికి పెద్దగా పోదు. గిటార్ ఒక్కసారిగా గర్జించే చోట సింబల్స్ విరుచుకుపడతాయి. ఆ పాటకు పాడే కోరస్ (పల్లవి) లేదు. ఆ మార్పే కోరస్. ముందే ఎవరైనా రోల్స్, ఫిల్స్ లాంటి అదనపు దెబ్బలతో ఖాళీలన్నీ నింపేసి ఉంటే అక్కడ పేలడానికి ఏం మిగిలేది? బెల్జియం ఫుట్‌బాల్ జట్టు క్లబ్ బ్రూజ్ అభిమానులు 2003లో ఎత్తుకున్న ఆ రిఫ్ 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ నాటికి ఇటలీ వీధుల్లో నినాదమైంది. మాటలే అక్కర్లేకుండా వేలమంది కలిసి అరవగలిగేంత తేలికగా అది ఉంది. నా దృష్టిలో అందులో సగం ఆ దబ్-దబ్ పుణ్యమే.

బేస్ లేని బ్యాండ్‌లో ఇంకో చిక్కుంది. అడుగున పట్టి ఉంచేది డ్రమ్స్ ఒక్కటే. జాక్ వేదిక మీద ఏ పాట వాయించాలో ముందు రాసుకోకుండా, తోచిన పాటలోకి తోచినట్టు దూకేవాడు. కళ్లతోనే కనిపెట్టి అతని వెంటే వెళ్లడం మెగ్ పని. ఇది రాకపోతే అలాంటి షో రెండు పాటలకే కూలిపోతుంది. వీళ్లు పదేళ్లు నడిపారు. 2007లో మెగ్‌కు యాంగ్జయిటీ ఎక్కువై టూర్ రద్దు చేయాల్సి వస్తే, ఇంకొకరిని కూర్చోబెట్టి బండి లాగించలేదు. 2011లో బ్యాండ్‌నే ముగించారు.

పోనీ జాక్‌కు వేరే దారి లేక సర్దుకున్నాడా అంటే, అతను చిన్నప్పటి నుంచీ డ్రమ్మరే. వైట్ స్ట్రైప్స్‌కు ముందు గూబర్ అండ్ ది పీస్ అనే బ్యాండ్‌లో వాయించిందీ డ్రమ్సే. స్టూడియోలో తనే వాయించేసి మెగ్ పేరు వేసుకుంటే అడిగేవాడు లేడు. 2009లో ది డెడ్ వెదర్ పెట్టుకున్నప్పుడు ఎంచక్కా డ్రమ్స్ వెనక కూర్చున్నాడు కూడా. వైట్ స్ట్రైప్స్ ఆరు ఆల్బమ్‌లకూ మాత్రం ఆ స్టూలు మెగ్‌కే వదిలేశాడు.