మెస్సు కంప్యూటర్‌కి మింగుడుపడని ప్రోగ్రాం

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ ఓనరుగారిది నెల్లూరు. డబ్బు కట్టకుండా భోంచేసేవాళ్లని పట్టుకోవడం ఆయన జీవితాశయం. "మొహం చూసి చెప్పేసే ప్రోగ్రాం రాసిస్తా అంకుల్" అని మా రూమ్మేట్ మాటిచ్చాడు.

వాడికి స్పీడు పిచ్చి. మా మెస్సులో క్యూ కదిలేది చపాతీ కాలే వేగంతో. అక్కడ సెకనుకి వంద మొహాలు గుర్తుపట్టి ఒరిగేదేంటి? అయినా సరే, రాసిన కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే జీసీసీ కంపైలర్‌కి 'మార్చ్' అనే ఆప్షన్ దగ్గర 'నేటివ్' అని ఇచ్చి, తన ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ చేశాడు. ఈ మెషీన్ ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో అన్నీ వాడేసుకోమని దానర్థం. వాడి ల్యాప్‌టాప్ కొత్తది. జీసీసీ మొహమాటపడకుండా లూపుల నిండా ఏవీఎక్స్2, అంటే ఒకేసారి బోలెడు లెక్కలు చేసే కొత్తరకం ఆదేశాలు, కూరేసింది.

మెస్సులో ఉన్నది ఎస్‌పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండో తరం ఐ3 ప్రాసెసర్ (ముద్దుపేరు శాండీబ్రిడ్జ్), 2011 నాటి సరుకు. ఇంటెల్‌లో ఏవీఎక్స్2 వచ్చిందే 2013లో, హాస్వెల్ ప్రాసెసర్లతో.

రాత్రి భోజనాల వేళ ప్రారంభోత్సవం. కీబోర్డుకి పసుపు కుంకుమ. ఎంటర్ కొట్టగానే నల్లటి తెర మీద ఒకే ఒక్క లైను: 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, కోర్ డంప్డ్.' తనకి రాని పని చెప్పారని ప్రాసెసర్ చేతులెత్తేసింది.

వాడు కెమెరా వైరు పీకి మళ్లీ గుచ్చాడు. ర్యామ్ తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మంగళవారం వద్దంటే విన్నావా?" అన్నారు ఓనరుగారు. వెనకాల క్యూలో ప్లేట్ల మోత మొదలైంది.

"అన్నా, నేటివ్ గానీ పెట్టావా?" అన్నాడు మా జూనియర్, గోంగూర నాక్కుంటూ.

మా రూమ్మేట్ గదిలోకి పరిగెత్తాడు. ఆ కంగారులో నేటివ్‌ని అలాగే ఉంచి, పక్కన 'ఎంట్యూన్ శాండీబ్రిడ్జ్' తగిలించుకొచ్చాడు. మళ్లీ అదే లైను! ఎంట్యూన్ ఏ వరసలో వండితే బాగుంటుందో చెబుతుంది, అంతే. వంటింట్లో ఏ గిన్నెలున్నాయో చెప్పేది మార్చ్. ఈసారి మార్చ్‌నే శాండీబ్రిడ్జ్‌కి మార్చి తెచ్చాడు.

ప్రోగ్రాం లేచింది. అప్పటికి సాంబారు అయిపోయింది, కుర్రాళ్లంతా ఎటువాళ్లటు వెళ్లిపోయారు. కెమెరా ముందు మిగిలిన మొహం వాడిదొక్కటే. దాని చుట్టూ ఎర్ర గడి, పైన 'బాకీ: 2 నెలలు.'

"భలే పనిచేస్తోందే!" అని ఓనరుగారు వాడి చేతిలో ప్లేటు తీసుకున్నారు.