నీరసం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నీరసం గారి సముఖమునకు,

నెల్లూరు మూలాపేట నుంచి మీ నమ్మినబంటు వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇరవై ఐదేళ్లుగా మీరు నన్ను సూది నుంచి కాపాడుతున్నారు. కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినా, ఆఫీసులో పెట్టినా, "ఇస్తే నీరసం వస్తుందండీ" అంటే చాలు, ఎవరూ మారు మాట్లాడలేదు. నా బరువు 84 కిలోలు. ఆదివారం చేపల పులుసుతో రెండు మార్లు అన్నం కలుపుకుని, మజ్జిగకని మళ్లీ కంచం జరుపుతాను. అయినా మా అమ్మ కళ్లకు ఎప్పుడూ చిక్కిపోయే ఉంటాను. "వీడి ఒంట్లో రక్తమెక్కడిది నాయనా, ఇంకొకరికి ఇవ్వడానికి!" ఒంట్లో ఐదు లీటర్ల దాకా ఉంటుందనీ, వాళ్లు తీసేది 350, మహా అయితే 450 మిల్లీలీటర్లేననీ, అందులో ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లోనే పూడుతుందనీ నాకు తెలియక కాదు. అమ్మ మాటకు ఎదురు చెప్పడం మా వంశంలో లేదు, ముఖ్యంగా ఆ మాట అనుకూలంగా ఉన్నప్పుడు.

మీరంటే లోకానికి ఎంత భయమంటే, ఒకప్పుడు డబ్బిచ్చి మిమ్మల్ని పేదవాళ్ల ఒంటికి పంపేవాళ్లు. రక్తం అమ్ముకుని పూట గడుపుకున్నవాళ్లు ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, 1998 జనవరి నుంచి ఆ కొనుగోలు నిషేధం. అప్పటినుంచి మీ భారం బంధువుల మీద పడింది. బంధువులు ఎంత గట్టివాళ్లో పోయిన నెల చూశాను.

నాయుడుపేట దగ్గర మా బావమరిది మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. ఆపరేషనుకు రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. "వాటికి బదులు మీ తరఫున ఇద్దరు దాతలుంటే బాగుంటుంది" అన్నారు బ్లడ్ బ్యాంకువాళ్లు. అప్పటిదాకా వరండాలో పదకొండు మందిమి ఉన్నాం. ఒకరికి మంగళవారమని గుర్తొచ్చింది. ఒకరికి షుగరు ఉందేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. మా పెదమామ "బ్యాంకు అన్నాక నిలవ ఉండదా?" అన్నాడు. ఎర్ర కణాలను ఎంత జాగ్రత్తగా పెట్టినా మహా అయితే 42 రోజులు. ఆయన అది ఆవకాయ అనుకున్నట్టున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. దండం బొమ్మ జోడించి "అత్యవసరం" అని నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను.

పోనీ మేము అప్పు ఎగ్గొట్టే ఊరివాళ్లమా అంటే, కాదు. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంటాం. కోరిక తీరితే మరుసటి ఏడు అదే నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో రొట్టె పెడతాం. రొట్టె బాకీ ఉంచుకుంటే కళ్లు పోతాయన్నంత భయం మాకు. రక్తం బాకీకి ఆ భయం లేదు, మీరున్నారుగా.

ఇంతలో మా ఆవిడ లేచింది. "నేను ఇస్తానండీ." వేలిమీద పొడిచి, నీలం నీళ్లున్న సీసాలో ఒక చుక్క వేశారు. మునగాలట. మునగలేదు, పైనే తచ్చాడింది. యంత్రం పెట్టి చూస్తే హిమోగ్లోబిన్ 9. ఇవ్వాలంటే 12.5 ఉండాలి. అక్కడి నర్సమ్మ, "ఆయాసం రాదా అమ్మా? నీరసంగా ఉండదా?" అని అడిగింది.

మా ఆవిడ నవ్వింది. "అది ఎప్పుడూ ఉండేదేగా!"

నీరసం గారూ, ఇన్నేళ్లుగా మీరు మా ఇంట్లోనే కాపురం ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. పొద్దున్న ఐదింటికి ఆమెతో లేచి, ఇడ్లీలు వేసి, బట్టలు ఉతికి, రాత్రి అందరూ తిన్నాక ఆమెతోనే కూర్చుని తిన్నారు. మీ పేరు చెప్పుకుని తిరిగింది మాత్రం నేను.

తర్వాత నా వంతు. నా చుక్క రాయిలా మునిగింది. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. చేతిలో రబ్బరు బంతి పెట్టారు, పది నిమిషాలు కూడా పట్టలేదు, బిస్కెట్లిచ్చి కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి మీకోసం సాయంత్రం దాకా ఎదురుచూశాను. రాలేదు. అయినా నన్ను మంచం దిగనివ్వలేదు. దానిమ్మకాయలు ఒలిచి రసం తీసింది మా ఆవిడే, తెచ్చి ఇచ్చింది ఆమే, గ్లాసు కడిగిందీ ఆమే.

ఆసుపత్రిలో ఆమెకు రాసిచ్చిన ఐరన్ మాత్రల చీటీ నిన్న పోపుల డబ్బా కింద కనిపించింది. మడత కూడా విప్పలేదు. ఇవాళ మందుల షాపుకు తీసుకెళ్తున్నాను. ఇన్నేళ్ల పరిచయం కదా, ముందుగా ఒక మాట చెప్పడం మర్యాదని ఈ ఉత్తరం.

ఇట్లు,
ఇన్నాళ్లూ మీ చాటున దాక్కున్నవాడు