నైజాం అనే మాట వెనక

సినిమా రిలీజైన మర్నాడు అందరూ ముందుగా అడిగేది ఒకటే: నైజాంలో ఎంత వసూలైంది? సంస్థానం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ పేరు మన నోట్లోంచి పోలేదు. నిజామాబాద్, నిజాం సాగర్, నిజాం కాలేజీ. అది అసఫ్‌జాహీల ఇంటిపేరు లాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి 1713లో మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ మీర్ ఖమరుద్దీన్‌కు 'నిజాం-ఉల్-ముల్క్' అనే బిరుదు ఇచ్చేనాటికే దానికి ఆరు వందల ఏళ్ల చరిత్ర ఉంది. రాజ్యాన్ని ఒక క్రమంలో పెట్టేవాడు అని దాని అర్థం. ఆ బిరుదుకు అంత పేరు తెచ్చినవాడు ఇరాన్‌లోని తూస్‌లో 1018లో పుట్టిన హసన్ అనే ఉద్యోగి. సెల్జుక్ తురుష్కుల సామ్రాజ్యానికి దాదాపు ముప్పై ఏళ్లు వజీరుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేశాడు.

సెల్జుకులు సిర్ దర్యా నది ప్రాంతం నుంచి మందలతో, గుడారాలతో వచ్చిన ఓగుజ్ తెగవాళ్లు. మన పిల్లలు చదువుకునే గజనీ మహమ్మద్ కొడుకు మసూద్‌ను 1040లో దందానకాన్ దగ్గర చిత్తుగా ఓడించారు. 1055లో బాగ్దాద్‌లో అడుగుపెట్టారు. 1071లో మాంజికెర్ట్ యుద్ధంలో బైజాంటైన్ చక్రవర్తినే బందీగా పట్టుకున్నారు. సుల్తాను మాలిక్ షా కాలానికి వాళ్ల ఏలుబడి మధ్య ఆసియా నుంచి మధ్యధరా తీరం దాకా సాగింది. అంతలోనే అన్నదమ్ముల తగాదాలతో చీలిపోయింది. చివరి గొప్ప సుల్తాను సంజర్‌ను 1153లో పట్టుకున్నది పరాయివాళ్లు కాదు, ఓగుజ్ తెగలే. అతను 1157లో చనిపోయాడు. కత్తి పట్టి నిలిచిన కాలం నూరేళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

మరి ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా వాళ్ల గురించి సంపాదకీయం రాయాల్సిన పనేమిటి? గెలిచాక వాళ్లు చేసిన పని వల్ల. గెలిచినవాడు తన భాషను ఓడినవాడి నెత్తిన రుద్దడం మనం ఎన్నోచోట్ల చూశాం. సెల్జుకులు దండులో తురుష్క భాష మాట్లాడుకున్నారు, కచేరీలో మాత్రం పారశీకానికి పీట వేశారు. లెక్కలు, ఉత్తర్వులు, కవిత్వం అన్నీ అందులోనే. ఈ పద్ధతి వాళ్లే కనిపెట్టలేదు, గజనీలో అప్పటికే ఉంది. కానీ దాన్ని అనటోలియా దాకా మోసుకెళ్లింది వాళ్లే. ఈనాటి తుర్కియేలోని కోన్యాలో కూర్చుని సూఫీ కవి రూమీ పారశీకంలో అంత కవిత్వం చెప్పగలిగాడంటే, అక్కడ ఏలుతున్నది సెల్జుకుల శాఖ కాబట్టే.

ఆ హసన్, అంటే సెల్జుకుల నిజాం-ఉల్-ముల్క్, 'సియాసత్‌నామా' అని రాజనీతి గ్రంథం రాశాడు. అందులో రెండు మాటలు మా మనసులో నిలిచిపోయాయి. పాలకుడు వారానికి రెండు రోజులు మధ్యవర్తులెవరూ లేకుండా స్వయంగా ప్రజల ఫిర్యాదులు వినాలి అంటాడు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి దగ్గర కాగితం పట్టుకుని నిలబడే రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. రెండోది ఇఖ్తా గురించి. అంటే సైనికాధికారికి జీతానికి బదులు ఒక ప్రాంతపు శిస్తు వసూలు హక్కు ఇవ్వడం. రావాల్సిన శిస్తు మర్యాదగా తీసుకోవడం తప్ప రైతు ప్రాణం మీద, ఆస్తి మీద, ఆలుబిడ్డల మీద ఆ అధికారికి ఏ హక్కూ లేదని వజీరు కరాఖండిగా రాశాడు. అంత గట్టిగా రాయాల్సి వచ్చిందంటే కింద ఏం జరుగుతూ ఉండేదో ఊహించుకోవచ్చు. ఇఖ్తా ఢిల్లీ సుల్తానుల కాలంలో మన దేశంలో పాతుకుపోయింది. ఆ తర్వాత అలాంటిదే జాగీరు వచ్చింది. ఆ బరువు ఎంతటిదో తెలంగాణ పల్లెలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1949లో జాగీర్ల రద్దుతో గానీ అది దిగలేదు. సెల్జుకుల వారసత్వం అంటే అందమైన గుమ్మటాలే కాదు, ఇది కూడా.

గుమ్మటాల సంగతీ చెప్పాలి. ఇస్ఫహాన్ జుమా మసీదులో దక్షిణాన ఒక గుమ్మటం, ఉత్తరాన ఒక గుమ్మటం. మొదటిది నిజాం-ఉల్-ముల్క్ కట్టించాడు. రెండేళ్లు తిరక్కుండానే అతనికి పోటీగా ఉన్న తాజ్-ఉల్-ముల్క్ రెండోది కట్టించాడు. దర్బారులో ఒకరి నీడ ఒకరికి గిట్టేది కాదు. ఆ పంతం ఇటుకల్లోకి దిగింది. చిన్నదైన ఉత్తర గుమ్మటం కింద నిలబడి తలెత్తితే పూతలేదు, రంగులేదు. ఒట్టి ఇటుకల పేర్పుతోనే పైన ఐదు కోణాల నక్షత్రం విచ్చుకుని కనిపిస్తుంది.

ఆ ఇస్ఫహాన్‌లోనే కవి, గణితజ్ఞుడు ఒమర్ ఖయ్యాం బృందం ఆకాశాన్ని కొలిచింది. దాని వెనక ఉన్న అవసరం చాలా మామూలుది. చాంద్రమానంలో ఏడాది పదకొండు రోజులు తక్కువ. పంట మాత్రం సూర్యుణ్ని బట్టి చేతికొస్తుంది. శిస్తు తేదీ పంటకన్నా ముందుకు జరిగిపోతే రైతు ఏం కట్టగలడు? మన రెవెన్యూ రికార్డుల్లో పంటల లెక్కన నడిచే ఫసలీ సంవత్సరం పుట్టింది కూడా ఈ చిక్కులోంచే. 1079లో మాలిక్ షా పేరు మీద జలాలీ పంచాంగం అమల్లోకి వచ్చింది. సూర్యుడు మేషంలో ప్రవేశించే రోజే ఏడాది మొదలు. యూరప్ తన క్యాలెండర్ సరిదిద్దుకోవడానికి అక్కడి నుంచి మరో ఐదు వందల ఏళ్లు పట్టింది. ఇరాన్ 1925లో చట్టం చేసుకున్న సౌర పంచాంగానికి పునాది అదే. ఇప్పటికీ అక్కడ కొత్త సంవత్సరం అర్ధరాత్రి రాదు, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు ఏ క్షణాన పడితే ఆ క్షణాన వస్తుంది.

1092లో సూఫీ వేషంలో వచ్చిన హంతకుడి కత్తికి వజీరు బలయ్యాడు. కొద్ది వారాలకే మాలిక్ షా కూడా పోయాడు. ఇప్పుడు సెల్జుకుల ఆస్తిని మూడు దేశాలు తలా ఒక ముక్క పట్టుకుని కూర్చున్నాయి. తుర్కియే ఏటా ఆగస్టు 26న మాంజికెర్ట్ విజయోత్సవం చేస్తుంది. తుర్క్‌మెనిస్తాన్ కరెన్సీ నోటు మీద సంజర్ బొమ్మ వేసుకుంది. ఇరాన్ పంచాంగాన్ని, గుమ్మటాలను తనవంటుంది. కత్తి ఒకరిది, కలం ఒకరిది అని ఇలా పంచుకుంటే అసలు సంగతి చేజారుతుంది. ఆ రెండూ ఒకే కొలువులో పనిచేశాయన్నదే కదా సెల్జుకుల కథ.

ఈ పంపకంలో మనకూ ఒక చిన్న వాటా ఉంది. గోల్కొండ స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్క్‌మెన్ వంశీకుడు. దస్తావేజు, దరఖాస్తు, ఖజానా, తహసీల్దారు లాంటి మాటలు ఆ పాలనా సంప్రదాయం మన కచేరీల్లో వదిలివెళ్లినవే. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పారశీక, ఉర్దూ పత్రాలు లక్షల్లో ఉన్నాయి. మన ఊళ్ల భూములు, చెరువులు, ఇనాముల సంగతులు వాటిలో ఉన్నాయి. ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. పత్రాలను స్కాన్ చేసి దాచినంత మాత్రాన అవి మనవి కావు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు పారశీకం నేర్చుకునే తెలుగు పిల్లలకు ఉపకార వేతనాలు ఇవ్వాలి, చదివిన పత్రానికల్లా తెలుగులో సారాంశం రాయించాలి. ఒకే కాగితం మీద పారశీకం, తెలుగు రెండూ రాయించిన కుతుబ్‌షాహీ ఫర్మానాలు మన దగ్గర ఉన్నాయి. ఇవాళ మనలో చాలామందిమి వాటిలో సగమే చదవగలం.