ఈశ్వరీబాయి పేరు పెట్టాల్సింది మునిసిపల్ ఆఫీసుకి

హైదరాబాద్‌లో ఆడవాళ్ల పేర్లు ఎక్కడెక్కడ కనిపిస్తాయో ఒకసారి గమనించండి. మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ దొర మీద తిరగబడి భూమి కోసం కొట్లాడిన ఆవిడ పేరు కూడా చివరికి ఆడపిల్లల చదువు దగ్గరికే చేరింది చూశారా. ఆసుపత్రులు, కాలేజీలు సరే. ఫైలు కదిలే చోట, సంతకం పడే చోట, బడ్జెట్ పాసయ్యే చోట ఆడవాళ్ల పేరు ఎందుకు ఉండదు?

నేను అడిగేది ఒక్కటే. సికింద్రాబాద్‌లో ఒక మునిసిపల్ ఆఫీసుకి జె. ఈశ్వరీబాయి పేరు పెట్టండి.

ఎవరావిడ అనే వాళ్ల కోసం కొంచెం చెప్తాను. 1918లో సికింద్రాబాద్‌లో దళిత కుటుంబంలో పుట్టింది. హైదరాబాద్, సికింద్రాబాద్ ఇంకా వేర్వేరు మునిసిపాలిటీలుగా ఉన్న రోజుల్లో, 1950ల మొదట్లో, చిలకలగూడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి కౌన్సిలర్ అయింది. అప్పుడు మహిళా రిజర్వేషన్ లేదు, వెనక పార్టీ లేదు. తర్వాత అంబేద్కర్ ఆలోచనతో పుట్టిన రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో ఎల్లారెడ్డి నియోజకవర్గం నుంచి ఎమ్మెల్యే, 1972లో మళ్లీ అక్కడి నుంచే గెలిచింది. 1969 తెలంగాణ ఉద్యమంలోనూ ఉంది. సచివాలయానికి అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఊళ్లో, ఆయన దారిలో నడిచిన మనిషి పేరు ఒక మునిసిపల్ ఆఫీసు మీద కూడా లేకపోతే ఎట్లా?

మారేడ్‌పల్లిలో విగ్రహం ఉంది కదా అంటారు. ఉంది. డిసెంబర్ 1న జయంతికి దండలు, ఫొటోలు, మళ్లీ ఏడాది దాకా పక్షులే దిక్కు. విగ్రహం పక్క నుంచి ఎన్ని వందలసార్లు వెళ్లినా పేరు నోట్లోకి రాదు. అదే ఆఫీసుకి పెడితే "ఈశ్వరీబాయి భవన్‌లో ఇచ్చిరా", "ఈశ్వరీబాయి దగ్గర దిగు" అని ఆటోవాళ్లు, బర్త్ సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్లు, అందరూ అనాల్సిందే. ఒకటే కండిషన్, దాన్ని జె.ఇ.బి. భవన్ చెయ్యొద్దు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌ని ఎంజీబీఎస్ చేసి గాంధీనే మాయం చేసిన ఊరు మనది!

ఇంకో మాట. జీహెచ్ఎంసీలో సగం వార్డులు ఆడవాళ్లకి రిజర్వ్ చేశారు. కానీ కార్పొరేటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరో మనలో చాలామందికి తెలుసు, ఫ్లెక్సీలో మేడమ్ ఫొటో ఎంతుంటుందో సార్ ఫొటో కూడా అంతే ఉంటుంది. తన ఎన్నిక తనే గెలిచి, తన నోటితో తనే మాట్లాడిన కౌన్సిలర్ ఒకావిడ ఇదే ఊళ్లో ఉండేదని గుమ్మంలోనే రాసి పెట్టండి, కొంతమంది సార్లకి ఇబ్బందిగా ఉన్నా పర్లేదు.

"పేర్లు పెడితే డ్రైనేజీ బాగవుతుందా" అనే కామెంట్ వస్తుందని తెలుసు. బాగవదు. మరి మగ నాయకుల పేర్లు ఫ్లైఓవర్లకి, పార్కులకి పెట్టినప్పుడు డ్రైనేజీ ఎవరికీ గుర్తు రాలేదేం?

ఈశ్వరీబాయే ఎందుకు, వేరేవాళ్లు లేరా అంటే, ఉన్నారు, అసలు బాధ అదే. 1952లో శాలిబండ నుంచి గెలిచి 1960లో మంత్రి అయిన మాసూమా బేగం, అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా చేసిన సదాలక్ష్మి, 1962లో హైదరాబాద్ తొలి మహిళా మేయర్ కుముదినీ దేవి. వీళ్ల తర్వాత అరవై ఏళ్లకి 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన ఆడవాళ్లు 10 మంది. 2014లో ఏర్పడ్డ తొలి తెలంగాణ ప్రభుత్వంలో నాలుగేళ్ల పైన ఒక్క మహిళా మంత్రి లేరు. కొత్త ఆఫీసులు కడుతూనే ఉన్నారు కాబట్టి పాత పేర్లు తీయకుండానే వీళ్లందరికీ చోటుంటుంది. నేను మాత్రం సికింద్రాబాద్ మనిషిని, చిలకలగూడ కౌన్సిలర్‌తోనే మొదలుపెడతాను.

ఏ పార్టీ వాళ్లైనా సరే, తీర్మానం పెట్టండి. బోర్డు తెలుగులో, ఉర్దూలో రాయించి, కింద ఆవిడ ఎవరో రెండు లైన్లు వేయించండి. ఆవిష్కరించిన వాళ్ల పేర్లు మాత్రం ఆవిడ పేరు కంటే చిన్న అక్షరాల్లో ఉండాలి.