పేరు తెలియక కాదు, రాయక

ఇంగ్లండ్‌లో, అమెరికాలో పాత చర్చిల సమాధుల తోటల్లో కొత్త రాళ్లు వెలుస్తున్నాయి, 'ఇక్కడ భూస్థాపన చేసిన పేరు తెలియని బానిసల జ్ఞాపకార్థం' అని. పూలు పెడుతున్నారు, ప్రార్థన చేస్తున్నారు. ఏమీ పెట్టకపోవడం కంటే నయమే, కాదనం. కానీ ఆ 'పేరు తెలియని' అన్న మాట దగ్గరే మాకు ఒళ్లు మండుతోంది.

చర్చికి లెక్కలు రాయడం రాక కాదు కదా. కరీబియన్ దీవి బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ చెరుకు తోటలు 1710లో వీలునామా ద్వారా ఇంగ్లండ్ చర్చి మిషన్ సొసైటీ చేతికొచ్చాయి. అక్కడ పనిచేసే బానిసల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అని వాత పెట్టారు, గొడ్డుకి పెట్టినట్టు. 1830ల్లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. అందులో 411 మంది కింద ఆ సొసైటీకి ముట్టింది 8,823 పౌండ్ల 8 షిల్లింగుల 9 పెన్నీలు. సొమ్ము దగ్గర 9 పెన్నీలు కూడా వదలకుండా రాసుకున్న చర్చి, భూస్థాపన రిజిస్టర్ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు 'ఫలానా దొరగారి నల్ల నౌకరు' అని రాసి ఊరుకునేది. దొర పేరు ఉంటుంది, చచ్చిపోయిన మనిషి పేరు ఉండదు. ఇది తెలియకపోవడం కాదు, రాయకపోవడం.

బ్రిస్టల్ దగ్గర హెన్‌బరీ చర్చిలో 18 ఏళ్ల కుర్రాడి సమాధి ఉంది, 1720 డిసెంబర్ 21న చనిపోయాడు. రంగులేసిన రాళ్లు, వాటిమీద నల్లటి దేవదూతల ముఖాలు. పేరు స్కిపియో ఆఫ్రికానస్ అని చెక్కారు, అది రోమన్ సేనాపతి పేరు, వాళ్లమ్మ పెట్టింది కాదు. అదే రాయిమీద యజమాని పేరు మాత్రం బిరుదులతో సహా ఉంది. 2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని కూలదోసిన కొద్దిరోజులకే ఆ రాళ్లలో ఒకదాన్ని పగలగొట్టారు, పాపం 300 ఏళ్లకి కూడా ఆ పిల్లాణ్ణి పడుకోనివ్వలేదు.

న్యూయార్క్ ట్రినిటీ చర్చి ఇంకా ఘోరం, 1697లో తన సమాధుల తోటలో నల్లవాళ్లని పూడ్చకూడదని రూల్ పెట్టింది. వాళ్లు ఊరి బయట పాతిపెట్టుకున్నారు. 1991లో అక్కడ ప్రభుత్వ ఆఫీసు కడదామని తవ్వితే ఎముకలు బయటపడ్డాయి, 419 మందివి తీశారు, మొత్తం 15,000 పైనే ఉంటారని అంచనా. అందులో ఒకావిడ నడుముకి పూసల మొలతాడు ఇంకా ఉంది. పూసలు నిలిచాయి, పేరు నిలవలేదు, ఎందుకంటే పేరు రాయాల్సిన చేతులు రాయలేదు.

ఎప్పుడో తాతలనాటి పాపానికి ఇప్పటివాళ్లని ఎందుకు నిలదీయాలి, ఈ ప్రాయశ్చిత్తాలకి పెట్టే డబ్బేదో కారిపోతున్న చర్చి కప్పులకి పెట్టొచ్చు కదా అంటున్నారు కొందరు. ఆస్తి వారసత్వంగా తీసుకుంటే లెక్క కూడా తీసుకోవాలి, అంతే. బానిస వ్యాపారంలో పెట్టుబడి పెట్టామని ఒప్పుకుని 2023లో ఇంగ్లండ్ చర్చి ఆస్తులు చూసే కమిషనర్లే ఆ తప్పు సరిదిద్దడానికి 10 కోట్ల పౌండ్ల ఫండ్ ప్రకటించారు, ఇప్పుడు దాని మీద కూడా రచ్చే.

ఇది మనకి దూరపు సంగతి కూడా కాదు. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూడండి, వంశ చిహ్నాలతో చెక్కిన రాళ్లు, పేర్లు, తేదీలు. అదే డచ్చి కంపెనీ కరువుల్లో అప్పట్లో కోరమాండల్ అనే ఈ మన తూర్పు తీరం నుంచి మనుషుల్ని కొని ఓడలెక్కించింది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ రికార్డుల్లో వాళ్లలో చాలామంది పేరు పక్కన ఇంటిపేరు ఉండాల్సిన చోట 'కోరమాండల్' అని ఉంటుంది. ఏ ఊరో, ఎవరి బిడ్డలో ఎవరూ రాయలేదు.

కాబట్టి కొత్త రాళ్లు పెట్టే ఫాదర్లకి, బిషప్పులకి సూటిగా చెప్తున్నాం. 'పేరు తెలియని' అన్న మాట తీసేయండి. రిజిస్టర్లో దొర పేరు ఉంది కదా, అది చెక్కండి. ఆ పేజీ రాసిన పాస్టర్ పేరు చెక్కండి. వాళ్ల చెమట మీద మీ చర్చికి ఎంతొచ్చిందో పెన్నీలతో సహా చెక్కండి. అది చేతకాకపోతే ఆ రాయి మీద పూలు పెట్టొద్దు.