జెండా ఇచ్చి ఊరుకుంటే సరిపోదు

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం గురించి రాస్తూ ఒకరు, నేటి కుర్రకారుకు మాజీ సైనికులంటే పట్టింపు లేదన్నారు. నేను ఒప్పుకోను. వాళ్లను పిల్లలకు పరిచయం చేయనిది మనమే. బడిలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి డబ్బు తీసుకుంటాం. ఆ రంగులు మూడు దళాలవని, 1949 నుంచి జరుగుతున్న ఈ వసూలు అమరుల కుటుంబాలకూ మాజీ సైనికులకూ అందుతుందని ఎందరు టీచర్లు చెబుతున్నారు?

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం చూడండి. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపిన ఊరు. అక్కడి కుర్రాళ్లకు సైన్యం పుస్తకంలో పాఠం కాదు, ఇంట్లో తాతల కబుర్లు. మిగతా ఊళ్ల పిల్లలకూ ఆ కబుర్లు కావాలి. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల వయసున్న జవానుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంకా ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులే ఉండరు.

మాజీ సైనికుల దినం జనవరి 14న. 1953లో మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప పదవీ విరమణ చేసిన రోజు అది. మనకు సంక్రాంతి సెలవులు కాబట్టి బళ్లలో సభలు జరగవు, నిజమే. కానీ పట్నం నుంచి మనవలంతా ఊరికొచ్చేదీ అప్పుడే కదా! ఊళ్లో ఉన్న మాజీ జవాన్లను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, పిల్లల చేతే ప్రశ్నలు అడిగించి, ఫోన్‌లో రికార్డు చేయించండి. సర్పంచులు తలచుకుంటే వచ్చే పండక్కే చేయొచ్చు. శాలువా సంగతి తర్వాత, ముందు ఆ పెద్దాయన్ని మాట్లాడనివ్వండి.