చెలమలో పురుగు కనిపిస్తే బ్లీచింగ్ కుమ్మరించాలా?

ఎండాకాలం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. ఏటి పక్క చెలమలో, ఊటలో పురుగులుంటే నీరు కుళ్లినట్టేనట. అవి దోమ పిల్లలో, ఏట్లోంచి కొట్టుకొచ్చినవో అట. కిలో బ్లీచింగ్ పొడి కుమ్మరిస్తే తెల్లారేసరికి శుభ్రమట. పురుగు లేని నీళ్లయితే నేరుగా తాగేయొచ్చట. ఇందులో ఏదీ సరిగ్గా నిలవదు.

“పురుగుంటే మురికే.” ఏ పురుగో చూడాలిగా! ఎర్రటి దారం ముక్కల్లా కదిలే కైరోనమస్ (దోమలా ఉండే, కుట్టని ఒక ఈగ) లార్వాల, అంటే పిల్లపురుగుల ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ తగ్గిన బురదలోనూ అవి బతుకుతాయి. అవి తప్ప ఇంకేమీ లేకపోతే అనుమానించాల్సిందే. పొట్టకు రెండు పక్కలా మొప్పలు, వెనక రెండు మూడు తోకలు ఉన్న మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు రకరకాలుగా కనిపిస్తే మాత్రం ఆ నీటికి ఆక్సిజన్ బాగా అందుతున్నట్టే.

“దోమ పిల్లలే.” దోమ లార్వా గాలి కోసం నీటిపైకి వస్తుంది, అలికిడైతే మెలికలు తిరుగుతూ కిందికి పోతుంది. కుదుపులు కుదుపులుగా ఈదే తెల్లటి చుక్కలు సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవులు. వీటిలో మీసోసైక్లాప్స్ అనే రకం అప్పుడే పుట్టిన దోమ లార్వాలను తింటుంది. వియత్నాంలో డెంగీ దోమ మీదికి దీన్నే వదిలారు.

“ఏట్లోంచి వచ్చినవే.” కొన్ని వస్తాయి, కాదనం. కానీ ఇసుక రేణువుల సందుల్లోనే పుట్టి అక్కడే పోయేవి వేరే ఉన్నాయి. బాతినెల్లా వర్గం జీవులు మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటాయి. కళ్లుండవు, రంగుండదు, నీటిలో తేలిపోయే లార్వా దశ కూడా లేదు. అందుకే ఒక్కో జాతి చాలా చిన్న ప్రాంతానికే పరిమితం. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి 2002లో వర్ణించిన హాబ్రోబాతినెల్లా నాగార్జునై ఈ వర్గానిదే.

వీటిని పట్టడానికి శాస్త్రవేత్తలు వాడే కరమాన్–చప్పుయి పద్ధతి అచ్చంగా చెలమ తవ్వడమే. నీటి అంచుకు మీటరు దూరంలో ఇసుకలో గుంట తీసి, ఊరిన నీటిని మగ్గుతో తోడి, 70 మైక్రాన్ల (0.07 మిల్లీమీటర్ల) కన్నులున్న వలలో వడకడతారు. వలలో మిగిలినదాన్ని తెల్ల పళ్లెంలో కాస్త నీటితో పోసి పదింతల భూతద్దంతో చూడాలి. ఒండ్రు ఎక్కువుంటే వల మూసుకుపోతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా పోయాలి. పళ్లెం నీడలోనే ఉండాలి, ఎండలో పెడితే నీళ్లు వేడెక్కి అవి చస్తాయి.

“కిలో బ్లీచింగ్.” లెక్క చూడండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతున్న చెలమలో 2,000 లీటర్లు పడతాయి. తాగునీటికి వాడుక మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే ఇక్కడ 5 గ్రాములు. కిలో వేస్తే దానికి 200 రెట్లు! కిలో పొడిలోని క్లోరిన్‌కు సైక్లాప్స్, బాతినెల్లా లాంటి చిన్న క్రస్టేషియన్లు (రొయ్యల వర్గం జీవులు) చస్తాయి. చచ్చినవి అక్కడే కుళ్లుతాయి. ఊట ఆగదు కనుక క్లోరిన్ కొట్టుకుపోయి, కొత్తగా ఊరే నీటికి రక్షణ ఏమీ మిగలదు. క్లోరిన్ కలపాల్సింది ఇంటికి తెచ్చి నిల్వ చేసిన నీటిలో. కలిపాక అరగంట ఆగాలి.

“పురుగు లేకపోతే తాగొచ్చు.” ఇదే అన్నిటికన్నా ప్రమాదం. బ్యాక్టీరియా కంటికి కనబడదు, పైపెచ్చు పురుగుమందు కలిసిన ఊటలోనూ పురుగులుండవు. అలాగని పురుగులున్న నీటిని వడకట్టకుండా తాగమనడం లేదు. నారికురుపు (ఒంట్లో దారంలాంటి పొడవాటి పురుగు పెరిగే జబ్బు) ఒకప్పుడు సైక్లాప్స్ మింగడం వల్లే వచ్చేది, ఆ జబ్బు మన దేశంలో లేదని 2000లో ధ్రువీకరించారు. చెలమ నీళ్లు ఎంత తేటగా ఉన్నా దట్టమైన గుడ్డలో వడకట్టి, తెర్లేదాకా కాచి తాగాలి.